ఎనిమిది బార్ల (తాళపు ఆవర్తాల) దగ్గర ఆగిపోయిన బాణీలను ఒడ్డుకు చేర్చడం ఎలా

నా హార్డ్ డిస్కులో ‘తర్వాత’ అనే ఫోల్డర్ ఒకటి ఉంది. పోయిన ఏడాది ఒక తీరిక రోజున దాన్ని తెరిచి లెక్కపెడితే 143 ప్రాజెక్టులు తేలాయి. అందులో మొదలూ చివరా ఉన్నవి నాలుగు. మిగతావన్నీ ఇరవై సెకన్లో, నిమిషమో నడిచి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయే వాద్య సంగీతపు ముక్కలు. కొన్నింటికి సరైన పేర్లు కూడా లేవు. ‘కొత్తది 7’, ‘కొత్తది 7 ఇంకొకటి’ అని ఉన్నాయి. ఒకదాని పేరు ‘చీమ’. ఎందుకు చీమ అన్నానో ఇప్పటికీ గుర్తు రాలేదు.

ఒంటరిగా, సొంత ఖర్చుతో సంగీతం చేసుకునేవారిలో ఇలాంటి ఫోల్డర్ లేనివారు అరుదు. మనకు గడువు పెట్టేవారు ఉండరు. రేపటికల్లా పంపమని తొందరపెట్టే దర్శకుడు ఉండడు, గాయకుడు వచ్చి కూర్చుని గొంతు సవరించుకోడు. అసలు పని ఒకటి నడుస్తుండగా పక్కన సరదాగా మొదలుపెట్టిన పని సంగతైతే అడిగే దిక్కే ఉండదు.

ఆ 143నూ విప్పి చూశాక ఒక సంగతి అర్థమైంది. సంగీతం చాలక ఆగినవి వాటిలో చాలా తక్కువ. ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట నిర్ణయం తీసుకోవలసి వచ్చింది: బాణీ ఎటు పోవాలి, ఏ వాద్యం ముందుండాలి, ఎక్కడ ముగియాలి. సరిగ్గా అక్కడే నేను తప్పించుకుని ఇంకొక కొత్త ఫైలు తెరిచాను. కొత్త ఫైలులో ఏ నిర్ణయమూ అడ్డు రాదు కదా. అందుకే కింద స్ఫూర్తి తెచ్చుకునే చిట్కాలేవీ కనబడవు. వాయిదా పడిన నిర్ణయాలను ఏ వరుసలో తీసుకుంటే పని తెములుతుందో అదే రాశాను.

మొదటి అడుగు: అన్నింటినీ ఆడియోగా దించండి

ఏ ముక్క మంచిదో తేల్చుకోకముందే ప్రతి ప్రాజెక్టునూ ఒక్కసారి తెరిచి, ఉన్నది ఉన్నట్టుగా స్టీరియో వేవ్ ఫైలుగా బౌన్స్ చేయండి, అంటే కుదించని ఒకే ఆడియో ఫైలుగా దించండి. ప్రాజెక్టు ఫైలును వంటకం రాసుకున్న చీటీ అనుకోండి. అందులో రాసిన ప్లగిన్లు (వాద్యాలనూ ఎఫెక్టులనూ పలికించే చేర్పు సాఫ్ట్‌వేర్లు), సాంపిల్ లైబ్రరీలు (ముందే రికార్డు చేసిన శబ్దాల నిల్వలు) దొరికినంతకాలమే అది పనికొస్తుంది. 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కేటలీనాతో ఆపిల్ 32 బిట్ ప్రోగ్రాములకు పూర్తిగా సెలవు చెప్పింది. 64 బిట్‌కు మారని పాత ప్లగిన్లు ఆ యంత్రాల మీద ఇక పలకలేదు. ప్రాజెక్టు తెరుచుకుంటుంది, నోట్లు తెరమీద కనిపిస్తాయి, శబ్దం మాత్రం రాదు. అప్పుడు గుండె ఎలా జారుతుందో పడినవారికే తెలుసు.

ఇంకొక కారణం కూడా ఉంది. ప్రాజెక్టులోనే కూర్చుని వింటే చేయి ఊరుకోదు. మొదటి రోజు నేను మూడో ఫైలు దగ్గరే హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట సింబల్స్) సవరించడానికి దిగి రెండు గంటలు పోగొట్టుకున్నాను. ఆ హై-హ్యాట్ ఉన్న ముక్కను తర్వాత పక్కన పడేశాను కూడా. కాబట్టి నియమం ఒకటే: తెరవండి, బౌన్స్ చేయండి, మూసేయండి.

స్థలం గురించి బెంగ అక్కర్లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు తీసుకుంటుంది. నిమిషంన్నర చొప్పున 150 ముక్కలు అనుకున్నా నాలుగు గిగాబైట్లు దాటదు. ఎంపీ3గా మాత్రం దించవద్దు. రేపు ఇందులోంచే ఒక భాగం కోసి వాడుకోవలసి రావచ్చు. కుదింపులో పోయిన ధ్వని తిరిగి రాదు.

పేరు పెట్టేటప్పుడు సంవత్సరం, నెల, తేదీ ముందు ఉంచి, తర్వాత టెంపో (వేగం), శ్రుతి, చివర ఒక ముద్దుపేరు చేర్చండి: ‘2022-08-14_92_డి-మైనర్_చీమ’ లాగా. సంవత్సరం ముందుంటే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. టెంపో, శ్రుతి పేరులోనే ఉంటే ఏ రెండు ముక్కలకు చుట్టరికం ఉందో ఫోల్డర్ చూస్తేనే తెలిసిపోతుంది. నా దగ్గర రెండేళ్ల తేడాతో చేసిన రెండు ముక్కలు అలాగే దొరికాయి. ఒకదానికి మొదలు బాగుంది, రెండోదానికి రెండో భాగం బాగుంది. కలిపితే అతుకు కూడా కనిపించలేదు.

రెండో అడుగు: చేతిలో మౌస్ లేకుండా వినండి

వినేముందు అన్ని ఫైళ్ల శబ్ద స్థాయినీ దాదాపు సమానం చేయండి. రెండింటిలో కాస్త గట్టిగా వినిపించేదాన్నే చెవి మెచ్చుకుంటుంది. అది చెవి బలహీనత, బాణీ బలం కాదు. తర్వాత అన్నింటినీ ఫోనులో వేసుకుని, షఫుల్‌లో పెట్టి, నడుస్తూనో ఇల్లు సర్దుకుంటూనో వినండి. విడుదల కాని తన ముక్కలను ఇలాగే కలగలిపి వింటుంటానని బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో ఇంటర్వ్యూలలో చెప్పాడు. ఎప్పుడు చేశామో గుర్తులేని ముక్క అనుకోకుండా మొదలైనప్పుడు దాన్ని వేరేవాళ్లది అన్నట్టుగా వింటాం. ఆ పరాయి చెవి దొరకడమే ఈ అడుగు ప్రయోజనం.

‘బేస్ ఎక్కువైంది’, ‘స్నేర్ బాగాలేదు’ లాంటివి రాసుకోవద్దు. ముక్క ఆగినప్పుడు తర్వాత ఏమి వస్తుందో వినాలనిపించిందా? అనిపిస్తే ఒక చుక్క పెట్టండి. వారం ఆగి, మునుపటి చుక్కలు చూడకుండా, మళ్లీ మొదటినుంచి వినండి. రెండుసార్లూ చుక్క పడినవే నిలబడినట్టు. నాకు 143లో 31 నిలబడ్డాయి. కొన్నాళ్ల కిందట నెలల తరబడి కూర్చుని చేసిన ముక్కకు ఒక్క చుక్కా పడలేదు. పడిన కష్టానికీ వినే సుఖానికీ సంబంధం లేదని ఒప్పుకోవడానికి నాకు ఇంకొక వారం పట్టింది.

మూడో అడుగు: ఎందుకు ఆగిందో ఒక వాక్యంలో రాయండి

ఒక్కటంటే ఒక్క వాక్యం. ‘బాగా రాలేదు’ అన్నది చెల్లదు. అది తీర్పు, కారణం కాదు. నా జాబితాలో పదేపదే కనిపించినవి ఇవి: లూప్ (మళ్లీమళ్లీ తిరిగే ముక్క) బాగుంది కానీ రెండో భాగం లేదు. పాటకోసం చేశాను, సాహిత్యం రాలేదు. మంచి శబ్దం దొరికింది, దానికింద బాణీ లేదు. ఎవరిదో నచ్చి వారిలా చేయబోయాను, మధ్యలో సిగ్గేసింది. కొన్నింటికి మాత్రం కారణం రాయబోతే పెన్ను ఆగిపోయింది. అవి నలభై సెకన్లకే చెప్పదలచుకున్నది చెప్పేశాయి. నేనే మూడు నిమిషాలు ఉండాలని పట్టుబట్టి వాటిని అసంపూర్తి చేశాను.

ఈ వాక్యాలను బట్టి ముక్కలు మూడు కుప్పలుగా విడిపోతాయి. పెంచి పూర్తిచేయవలసినవి కొన్ని. ఉన్న పొడవులోనే నిండుగా ఉన్నవి కొన్ని. వీటికి కావలసింది మంచి ముగింపూ మిక్సూ (ట్రాకుల శబ్దాల సర్దుబాటు) మాత్రమే. మిగిలినవి విడిభాగాలు: ఒక డ్రమ్ వరుస, ఒక వింత శబ్దం, రెండు బార్ల గిటార్. విడిభాగాన్ని పాటగా మార్చాలని చూడవద్దు, వేరే ఫోల్డర్‌లో పెట్టి అవసరమైనప్పుడు వాడుకోండి.

అసంపూర్తిగా వదిలేయడం అన్నిసార్లూ నేరమేమీ కాదు. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1822లో మొదలుపెట్టిన బి మైనర్ సింఫనీ రెండు భాగాల దగ్గరే ఆగింది, మూడోది చిత్తుదశ దాటి ఎంతో దూరం పోలేదు. ఆయన 1828లో కన్నుమూశాడు, శ్రోతలు దాన్ని మొదటిసారి విన్నది 1865లో. ఇప్పటికీ ఆ రెండు భాగాలనే వాయిస్తున్నారు. అయితే ఆ రెండూ చివరి స్వరం దాకా పూర్తిచేసి ఉన్నాయి. ఆగింది సింఫనీయే తప్ప ఆ భాగాలు కావు. మన ఎనిమిది బార్ల ముక్కకు ఈ సాకు చెల్లదు.

నాలుగో అడుగు: లూప్‌ను చెక్కండి

అసలు పని ఇక్కడే ఉంది. ఆగిపోయినవాటిలో సగానికి పైగా ఈ రోగమే. ఎనిమిది బార్ల లూప్ తిరుగుతూ ఉంటుంది, తిరిగినకొద్దీ మరింత అందంగా వినిపిస్తుంది, దాని మీద ఇంకొక పొర, ఇంకొక పొర వేస్తూ పోతాం. చివరికి పదిహేను ట్రాకులు ఒకేసారి మోగే గోడ తయారవుతుంది. అది నిజానికి పాటలో చివరి పావు భాగం. శిఖరం మీద ఇల్లు కట్టుకుని, కొండ ఎక్కే దారి ఏదని వెతుకుతున్నాం.

కాబట్టి కలపడం మాని తీసివేయడం మొదలుపెట్టండి. ముందు లెక్క చూసుకుందాం. 92 బీపీఎం (నిమిషానికి 92 బీట్లు), నాలుగు బీట్ల తాళం అనుకుంటే ఒక బారు సుమారు 2.6 సెకన్లు, ఎనిమిది బార్లు 21 సెకన్లు. 72 బార్లంటే మూడు నిమిషాల ఎనిమిది సెకన్లు. మీ లూప్‌ను ఉన్న పొరలన్నింటితో సహా తొమ్మిదిసార్లు వరుసగా అతికించండి. ఇప్పుడు మీ ముందు మూడు నిమిషాల రాతిబండ ఉంది. దాన్ని 8, 16, 8, 16, 8, 16 బార్ల గదులుగా విడగొట్టి గుర్తులు పెట్టండి: ప్రవేశం, పల్లవి లాంటిది, మలుపు, మళ్లీ పల్లవి, ఖాళీ గది, చివరి గది. మొదటి గంటలో ఏ కొత్త శబ్దమూ చేర్చకూడదని ఒట్టు పెట్టుకుని, తుడుపు మాత్రమే వాడండి. చివరి గదిలో అన్నీ ఉంచండి. ప్రవేశంలో రెండు మించి ఉంచవద్దు. ఖాళీ గదిలో డ్రమ్స్ పూర్తిగా తీసేయండి. ప్రతి ఎనిమిది బార్లకూ ఏదో ఒకటి రావాలి, లేదా పోవాలి.

ఇంతవరకు చేస్తే పాట ఆకారం వస్తుంది, ప్రాణం రాదు. పొరలు వస్తూ పోతూ ఉంటే వినేవారికి ఆ ఆట రెండో నిమిషానికే అర్థమైపోతుంది. మలుపు గదిలో నిజంగా ఏదో మారాలి. నేను వాడే ఉపాయాలలో అన్నిటికన్నా తేలికైనది: పై బాణీని ముట్టుకోకుండా కింద బేస్ స్వరాలను మాత్రమే మార్చడం. డి మైనర్ మీద సాగే బాణీ కింద డి బదులు బి-ఫ్లాట్ పెట్టి చూడండి. అవే స్వరాలు, వేరే అర్థం పలుకుతాయి. అంతవరకు దిగులుగా ఉన్నది ఒక్కసారి తలుపు తెరిచినట్టు అవుతుంది. అదీ కుదరకపోతే డ్రమ్స్‌ను సగం వేగానికి దించండి. మూడోది కాస్త పిచ్చిగా ఉంటుంది: డ్రమ్స్ కదపకుండా బాణీని రెండు బీట్లు వెనక్కి జరపడం. పదిసార్లలో ఏడుసార్లు చెత్త వస్తుంది. మిగతా మూడుసార్లు కూర్చుని ఆలోచిస్తే ఎన్నటికీ తట్టనిది దొరుకుతుంది.

ముగింపును ముందే చేసిపెట్టుకోవడం నాకు చాలా ఆలస్యంగా అబ్బిన అలవాటు. ఫేడ్ చేసి (శబ్దాన్ని మెల్లగా తగ్గించి) వదిలేద్దామనుకుంటే వదిలేయవచ్చు, కానీ చాలాసార్లు అది తీసుకోని నిర్ణయానికి వేసిన ముసుగు. చివరి ఎనిమిది బార్లు, ఆఖరి స్వరం, దాని తర్వాత ఎంతసేపు రివర్బ్ (ప్రతిధ్వని) మోగాలి అన్నవి మధ్యభాగం చేయకముందే ఖాయం చేసుకుంటే మధ్యభాగానికి పోవలసిన దిక్కు తెలుస్తుంది.

ఐదో అడుగు: గొంతు ఉండవలసిన చోటు

పాడేవారికోసం చేసి, పాట రాక వదిలేసిన ట్రాకులను గుర్తుపట్టడం సులువు. అవి బాగుంటాయి, కానీ మధ్యలో కుర్చీ ఖాళీగా ఉన్నట్టు ఉంటుంది. గొంతు కోసం మనం తెలియకుండానే మధ్య పౌనఃపున్యాలను వదిలిపెడతాం. పాత టెలిఫోన్లు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేవి, అయినా మాటలు చక్కగా అర్థమయ్యేవి. మనిషి గొంతులోని సారమంతా ఆ మేరలోనే ఉంది. ఆ ఖాళీని డ్రమ్స్ పెంచి, బేస్ పెంచి కప్పలేం. ఆ మేరలోనే పలికే ఒక వాద్యాన్ని తెచ్చి కూర్చోబెట్టాలి: క్లారినెట్, వయొలిన్, ఎలక్ట్రిక్ గిటార్, వేణువు, మెత్తటి సింథ్ (సింథసైజర్).

ఆ వాద్యానికి బాణీ కట్టేటప్పుడు ముందు నోటితో హమ్ చేసి ఫోనులో రికార్డు చేయండి. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో చూసుకుని సరిగ్గా అక్కడే వాద్యానికీ విరామం ఇవ్వండి. వేణువు వాయించేవారికి ఊపిరి అయిపోతుంది, వయొలిన్ వాయించేవారికి కమాను అయిపోతుంది. కీబోర్డుకు మాత్రం ఏదీ అయిపోదు. అందుకే కీబోర్డు మీద కట్టిన బాణీలు ఆపకుండా మాట్లాడే మనిషిలా విసిగిస్తాయి. పాటలో ఈ బాధ్యతను మాటలు మోస్తాయి. మాటలు లేనప్పుడు విరామాలే మోయాలి. ఇంకొకటి: పల్లవి బాణీ రెండోసారి వచ్చినప్పుడు మక్కీకి మక్కీ అతికించవద్దు. చివర ఒక స్వరం మార్చండి, లేదా అదే బాణీని ఒక స్థాయి కింద వాయించండి. గాయకులైతే ఇలాంటివి అడగకుండానే చేసేవారు.

ఆరో అడుగు: మూడుసార్లు కూర్చోవడం, అంతే

ఒక్కో ముక్కకు మూడుసార్లు కూర్చోవడానికే అనుమతి ఇచ్చుకోండి, ఒక్కోసారి రెండు గంటలు మించకుండా. మొదటిసారి ఆకారం, రెండోసారి బాణీ, మూడోసారి మిక్స్. మొదటిసారి పని ముగియగానే సింథ్ ట్రాకులన్నింటినీ ఆడియోగా మార్చి అసలు ప్లగిన్లను కట్టేయండి. ఇక శబ్దం మార్చాలన్నా వీలుండదు. కొందరికి ఇది చేతులు కట్టేసుకోవడం లాగా తోస్తుంది. నిజమే, చేతులు కట్టేయడానికే. మిడి ఫైలును (శబ్దం కాక, ఏ స్వరం ఎప్పుడు పలకాలో మాత్రమే రాసి ఉండే ఫైలును) మాత్రం వేరుగా దాచుకోండి. 1983లో వచ్చిన ఆ పద్ధతి ఇప్పటికీ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది.

గడువు అన్నది ఎంత పని చేస్తుందో చూడాలంటే 2004 నుంచి ప్రతి ఫిబ్రవరిలో జరిగే ‘ఫిబ్రవరి ఆల్బమ్ రైటింగ్ మంత్’ సవాలును చూడండి: 28 రోజుల్లో 14 పాటలు. రెండు రోజులకు ఒకటి. గెలిచినవారికి పెద్ద బహుమతులేమీ ఉండవు, అయినా ఏటా జనం దిగుతూనే ఉంటారు. నేను ఆ వేగాన్ని సిఫారసు చేయను. రెండు వారాలకు ఒక ముక్క చాలు. కానీ క్యాలెండర్‌లో తేదీ రాసి ఉండాలి, ఆ తేదీన వినిపిస్తానని ఒక స్నేహితుడికో స్నేహితురాలికో చెప్పి ఉండాలి.

ఏడో అడుగు: పక్క పనికి ఒక ఇల్లు

పూర్తవుతున్న ముక్కలు మీ అసలు సంగీతంలా లేకపోవచ్చు. మీరు పాటలు పాడే మనిషి అయి, ఇవన్నీ మాటల్లేని నెమ్మది ముక్కలైతే ఒకే పేరు కింద పెట్టడానికి మనసొప్పదు. సైడ్ ప్రాజెక్టు అవసరం ఇక్కడే పుడుతుంది. ఎఫెక్స్ ట్విన్‌గా పేరుపొందిన ఎలక్ట్రానిక్ సంగీతకారుడు రిచర్డ్ డి. జేమ్స్ ఏఎఫ్ఎక్స్, పాలిగన్ విండో, కాస్టిక్ విండో అని ఇంకా ఎన్నో పేర్లతో సంగీతం విడుదల చేశాడు. అదే మనిషి 2015లో ఒక అనామక సౌండ్‌క్లౌడ్ ఖాతాలోంచి వందకు పైగా పాత ముక్కలను ఉచితంగా వదిలాడు. అమెరికన్ రాక్ బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ దారి వేరు. పాటలకు పేరుపడిన ఆ బృందం 2008లో పది వారాల్లో చేసిన 36 వాద్య ముక్కలను తమ సొంత పేరు మీదే, ఒక్కొక్కదానికి పేరు పెట్టకుండా, అంకెలతో విడుదల చేసింది.

వేరే పేరు పెట్టుకుంటే స్వేచ్ఛ వస్తుంది, శ్రోతలు మాత్రం సున్నా నుంచి మొదలవుతారు. ఉన్న పేరు మీదే పెడితే వినేవారు ఉంటారు, కొందరు నొసలు చిట్లిస్తారు. రెండింటిలో ఏదైనా సరే. నా పట్టుదల ఒక్క విషయంలోనే: మూడు ముక్కలు పూర్తికాకముందు పేరు, బొమ్మ, లోగో జోలికి పోవద్దు. నేను ఒక సైడ్ ప్రాజెక్టుకు లోగో చేయించాను, ముఖచిత్రం చేయించాను. సంగీతం ఇంతవరకు చేయలేదు.

పేరుకన్నా ముందు కావలసింది నియమం. ‘ఏ ముక్కా రెండు నిమిషాలు దాటదు’, ‘డ్రమ్స్ ఉండవు’, ‘అన్నీ ఒకే గిటార్‌తో’. ఇలాంటి ఒక్క నియమం పెట్టుకుంటే వేర్వేరు కాలాల్లో చేసిన ముక్కలు ఒకే ఇంటివాళ్లలా కనిపిస్తాయి, పైగా సగం నిర్ణయాలు ముందే తీరిపోతాయి. మూడో అడుగులో ‘ఉన్న పొడవులోనే నిండుగా ఉన్నవి’ అని పక్కన పెట్టినవాటికి సరిపోయే ఇల్లు ఇదే. నావి తొమ్మిది తేలాయి. అన్నీ కలిపితే పద్నాలుగు నిమిషాలు.

ఎనిమిదో అడుగు: మిక్స్, మాస్టర్

దీనిమీద ఎక్కువ చెప్పను. లోకంలో దీనిమీద ఉన్నన్ని పాఠాలు మరి దేనిమీదా లేవు, మన ముక్కలు ఆగిపోవడానికి ఇదొక కారణం కూడా. ఫోను స్పీకర్‌లో బేస్ బాణీ పూర్తిగా మాయమైతే దానికి కాస్త పై స్వరాంశాలు చేర్చండి. మోనోలో (ఎడమ, కుడి శబ్దాలను ఒకటిగా కలిపి) వినండి, వెడల్పుగా పరిచిన సింథ్ అప్పుడు సగం తగ్గిపోతే ఆ వెడల్పు తగ్గించండి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే శబ్ద తీవ్రత కొలత) స్థాయికి సరిచేసి వినిపిస్తుంది, ట్రూ పీక్ (శబ్ద తరంగపు అసలు శిఖరం) మైనస్ 1 డెసిబెల్ దాటవద్దని సూచిస్తుంది. అంతకన్నా గట్టిగా చేస్తే వాళ్లే తగ్గిస్తారు, మనకు మిగిలేది నలిగిన డైనమిక్సే. వాద్య సంగీతంలో చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య ఉన్న దూరమే సగం కథ చెబుతుంది కాబట్టి ఇక్కడ కక్కుర్తి అసలే పనికిరాదు.

తొమ్మిదో అడుగు: బయటికి పంపేముందు కాగితాలు

ప్రతి ముక్కకూ రెండు హక్కులు ఉంటాయి: స్వరరచన మీద ఒకటి, ఆ రికార్డింగ్ మీద ఒకటి. స్నేహితులెవరైనా గిటార్ వాయించి ఉంటే, బాణీలో వారి వాటా ఎంతో విడుదలకు ముందే రెండు వరుసల్లో రాసుకుని ఇద్దరి దగ్గరా పెట్టుకోండి. స్నేహం చెడకుండా ఉండటానికి ఇంతకన్నా చౌకైన మందు లేదు.

రికార్డింగ్‌కు ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాంకెల సంకేతం ఇస్తారు. ఇదే ట్రాకు మీద రేపు ఎవరైనా పాడితే అది వేరే రికార్డింగ్, దానికి వేరే సంకేతం కావాలి. పాటలను స్ట్రీమింగ్ సైట్లకు చేర్చే పంపిణీ సంస్థ ఫారంలో భాష అడిగే చోట వాద్య సంగీతం అన్న ఎంపికను వెతకండి. అంతర్జాతీయ భాషా సంకేతాలలో భాషాంశం లేనిదానికి ‘జెడ్ ఎక్స్ ఎక్స్’ అనే గుర్తే ఉంది. తోచిన భాష పేరు పెట్టేస్తే ట్రాకు తప్పుడు జాబితాలలోకి పోతుంది.

పాత ముక్కల్లో ప్రమాదమంతా సాంపిళ్లలో ఉంటుంది. నాలుగేళ్ల కిందట సరదాకు ఎక్కడినుంచో కోసి పెట్టుకున్నది ఇప్పుడు గుర్తుండదు. మూలం తెలియని ప్రతి సాంపిల్‌నూ తీసేసి కొత్తగా వాయించండి. లైబ్రరీ నుంచి కొన్న లూప్ అయితే వాడుకోవచ్చు, కానీ అదే లూప్ ఇంకా ఎందరి పాటల్లోనో ఉంటుంది. యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (వీడియోల్లో వాడిన సంగీతం ఎవరిదో గుర్తుపట్టే వ్యవస్థలో) నమోదు చేయాలంటే ప్రత్యేక హక్కు మీకే ఉండాలి కాబట్టి అలాంటి ట్రాకును అందులో పెట్టవద్దు.

వీడియోలు చేసేవారు వాడుకోవాలని ఉచితంగా వదిలేవారు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (షరతులతో అందరికీ ముందే ఇచ్చే వాడకపు అనుమతి) ఎంచుకుంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘మార్పులు చేయకూడదు’ అనే షరతు ఉన్న రకం పెడితే మీ సంగీతాన్ని వీడియోకు జతచేయడానికే వీలుండదు, ఎందుకంటే కదిలే బొమ్మతో సంగీతాన్ని కాలబద్ధంగా కలపడాన్నే ఆ లైసెన్సు మార్పుగా లెక్కిస్తుంది. ఆ ఒక్క షరతు వల్ల మీరు ఎవరికోసమైతే వదిలారో వారికే అందకుండా పోతుంది. వీడియోలవారి కోసమే అనుకుంటే బాణీ తీసేసిన రూపం ఒకటి, 30 సెకన్ల రూపం ఒకటి కూడా చేసిపెట్టండి. 120 బీపీఎం దగ్గర 15 బార్లు సరిగ్గా 30 సెకన్లు.

డబ్బు సంగతి. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లేగా లెక్క. 2024 నుంచి, గడచిన 12 నెలల్లో కనీసం 1000 ప్లేలు రాని ట్రాకు రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకి రాదు. సంఖ్య పెంచడానికి ఒక ముక్కను నాలుగుగా తెంపి పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదన్నమాట. దీర్ఘంగా మొదలయ్యే నెమ్మది ముక్కలను ఈ 30 సెకన్ల కోసం నరకాలా అని నన్ను అడిగితే, వద్దంటాను. కానీ మొదటి అరనిమిషంలో ముఖ్య వాద్యం ఒక్కసారైనా తొంగిచూడటంలో తప్పు లేదు.

పదో అడుగు: మిగిలినవాటిని దాచడం

పూర్తిచేయనివాటిని చెరిపేయమని కొందరు అంటారు. నేను అనను, నాకు ఆ ధైర్యం లేదు. ఒక్కోదాని నుంచి స్టీరియో బౌన్స్, విడి ట్రాకుల బౌన్సులు, మిడి, ఎందుకు ఆగిందో చెప్పే ఆ ఒక్క వాక్యం ఉన్న టెక్స్ట్ ఫైలు తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. విడి ట్రాకులన్నీ సున్నా సెకను నుంచే మొదలవ్వాలి, లేకపోతే రేపు వేరే సాఫ్ట్‌వేర్‌లో పరిచినప్పుడు ఏది ఎక్కడ కూర్చోవాలో తెలియదు. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట ఉండాలి. విడిభాగాల ఫోల్డర్‌ను మూడు నెలలకొకసారి తెరిచి, కొత్తగా చేస్తున్న పనిలోకి ఏదైనా ఇముడుతుందేమో చూడండి. అంతకన్నా తరచుగా తెరిస్తే మళ్లీ పాత బురదలో కాలు పెట్టినట్టే.

నా 31లో పదకొండింటిని పెంచాలనుకుని ఇప్పటికి ఏడు పూర్తిచేశాను. ‘చీమ’ ఆ పదకొండులో ఉంది. దానికి ఆకారం ఇచ్చే పని అయింది, బాణీ కట్టే పని అయింది. మిక్స్ కోసం వచ్చే గురువారం తేదీ రాసిపెట్టాను. నిన్న రాత్రి వింటుంటే రెండో గదిలో హై-హ్యాట్ కాస్త సరిచేస్తే బాగుంటుందనిపించింది. ఫోను తీసి పక్క గదిలో పెట్టి వచ్చాను.